సంచి మీది పేరు, సంచిలోని గింజ

బాగ్ లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్ల చుట్టుపక్కల బియ్యం దుకాణాలలో బేరం సాగే తీరు గమనించదగినది. కొనవచ్చిన ఇల్లాలు ముందుగా ధర అడగదు. మూతి విప్పిన సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం తీసి అరచేతిలో పరుస్తుంది. నూక ఏపాటి ఉందో చూస్తుంది. ఒక గింజను పంటికింద నొక్కుతుంది. ఆ తర్వాత వేసే ప్రశ్న ఒకటే: "పాతవేనా?" వర్తకుడు పాతవే అంటాడు. కొత్తవని ఒప్పుకున్న వర్తకుడు అరుదు.

బియ్యం వ్యాపారంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. బెండకాయ లేతో ముదురో కొనేముందే తుంచి చూడవచ్చు. బియ్యం సంగతి అన్నం వార్చిన తర్వాతగాని తెలియదు. 25 కిలోల సంచి ఇంటికి చేరాక మొదటి పూటే అన్నం ముద్దయితే, సంచి ఖాళీ అయ్యేదాకా ఆ ముద్దే గతి. అందుచేత నాణ్యం తెలియని కొనుగోలుదారు నాణ్యానికి గుర్తులనుకున్నవాటిని నమ్ముకోవడం పరిపాటి అయింది. గింజ సన్నదనం, తెల్లదనం, సంచి మీది పేరు, అమ్మేవాని మాట, ఇవే ఆ గుర్తులు. మార్కెటింగ్ విద్య అంతా పనిచేసేది ఈ గుర్తుల మీదనే.

మనిషి అన్ని వివరాలూ సేకరించి, లెక్కలు కట్టి, మేలైనదే ఎంచుకుంటాడన్న పాత అర్థశాస్త్ర భావనను అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ అంగీకరించలేదు. ఉన్న తీరికలో, తెలిసినంత మేరకు, "ఇది చాలు" అనిపించినదానితో జనం సరిపెట్టుకుంటారని ఆయన వాదించారు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. "అన్నా, పోయినసారి ఇచ్చినవే ఇయ్యి" అనే గృహిణి చేస్తున్నది కూడా అదే.

ఇక పేర్ల సంగతి. "మసూరి" అన్నది మలేసియా నుంచి వచ్చిన మాహ్సూరి వంగడం పేరు. దాని సంతతిలో బాపట్ల శాస్త్రజ్ఞులు రూపొందించి 1986లో విడుదల చేసినది సాంబ మసూరి. రైతుల నోట అది బీపీటీ 5204. అంకెతో రైతుకు పని జరుగుతుంది, అన్నం తినేవారికి అంకె ఎక్కదు. కనుక సంచుల మీద "సోనా మసూరి" అన్న పేరే చెలామణిలో ఉంది. ఆ పేరుతో అమ్ముడయ్యేది ఒకే వంగడం కాదన్నది వర్తకులందరికీ తెలిసిన రహస్యం. "కర్నూలు" అన్న మాట చేరితే గౌరవం మరికొంత పెరుగుతుంది.

హెచ్‌ఎంటీ బియ్యం కథ ఇంకా చిత్రమైనది. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా చిన్నకారు రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో తేడాగా కనిపించిన కంకులను ఏరి, ఏళ్ల తరబడి సాగుచేసి ఆ వంగడాన్ని నిలబెట్టారు. దానికి అంటుకున్న పేరు మాత్రం ఆ రోజుల్లో జనం మోజుపడిన చేతి గడియారానిది. గడియారానికీ వడ్లకూ ఏ సంబంధమూ లేదు, అయినా పేరు నిలిచింది. ఖోబ్రగడే 2018లో కన్నుమూశారు.

"పాతవేనా" అన్న ప్రశ్నకు మిల్లులు కూడా ఒక జవాబు కనిపెట్టాయి. వడ్లకు ఆవిరి పట్టి మరాడిస్తే, కొత్త పంట బియ్యం సైతం పొడిపొడిగా ఉడుకుతాయి. దుకాణాలలో "స్టీమ్" అని అమ్మేది ఈ రకమే. ఇందులో మోసమేమీ లేదు, ఆ సంగతి చెప్పి అమ్మినంతవరకు. తెల్లదనం మీద మోజుకు మాత్రం ఇల్లాలే ఖరీదు చెల్లిస్తున్నది. పాలిష్ పెరిగినకొద్దీ తవుడుతో పాటు బి విటమిన్లూ పోతాయి.

తిన్నాక కూడా తేలని గుణాలు మరికొన్ని ఉన్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ పరిశోధనలో రూపొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, "తెలంగాణ సోనా" పేరుతో మధుమేహ రోగుల ఇళ్లలో ప్రవేశించింది. రక్తంలో చక్కెరను పెంచే సూచిక దీనికి సుమారు 51 అని పరీక్షలలో తేలింది. 55, అంతకన్న తక్కువ ఉంటే తక్కువ సూచిక కింద లెక్క. అయితే ఈ గుణాన్ని నాలుక కనిపెట్టలేదు. సన్నగా, పొట్టిగా ఉన్న ప్రతి గింజా తెలంగాణ సోనా కానూ కాదు. ఇక్కడ కొనేవారికి ఆధారం సంచి మీది అక్షరాలే.

ధర విషయంలోనూ కన్ను లెక్కను మించిపోతున్నది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ముద్రిత సంచులపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. వెంటనే 26 కిలోల సంచులు బజారుకెక్కాయి. ఉదాహరణకు కిలో 60 రూపాయలనుకుంటే, 25 కిలోల సంచి పన్నుతో 1,575 రూపాయలు. 26 కిలోల సంచికి వర్తకుడు 1,600 అడిగితే అది ప్రియమని తోస్తుంది. కిలో లెక్క చూస్తే మొదటిది 63, రెండవది దాదాపు 61న్నర. సంచిని సంచితో పోల్చినవారికి ఈ తేడా కనిపించదు.

అశోక్ నగర్‌లో కోచింగ్ విద్యార్థులకు భోజనం పెట్టే హాస్టళ్ల లెక్క వేరు. అక్కడ పేరుతో నిమిత్తం లేదు. కిలో బియ్యానికి ఎన్ని పళ్లేలు నిండుతాయన్న ఒదుగే ప్రధానం. పాత బియ్యానికి అక్కడ గిరాకీ రుచి కోసం కాదు. వంద మందికి వండేవారికి ఒక కిలో నమూనా వండి చూడడం పెద్ద ఖర్చు కాదు. ఇళ్లవారు కూడా సంచికి ముందు కిలో కొని వండి చూడవచ్చు, కాని ఎందుచేతనో బజారులో ఆ అలవాటు తక్కువ.

ఇదిలా ఉండగా 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్ దుకాణాలలో దొడ్డు బియ్యం స్థానే సన్నబియ్యం మనిషికి 6 కిలోల చొప్పున ఉచితంగా అందసాగాయి. అంతకుముందు 2024 వానాకాలం పంట నుంచే సన్న రకాల వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. నలుగురున్న కార్డుకు నెలకు 24 కిలోలు, అంటే బజారు సంచికి ఒక కిలో తక్కువ. ఈ బియ్యానికి వ్యాపార నామం లేదు, రంగుల సంచి లేదు, పాతవని హామీ ఇచ్చేవారూ లేరు. కొత్త బియ్యమైతే ఎసరు తగ్గించి పోయాలి. అయినా కార్డున్న ఇల్లాలికి ఇంతకాలం లేని సౌకర్యం ఒకటి దొరికింది: ఒక గిన్నెలో రేషన్ బియ్యం, మరో గిన్నెలో దుకాణం బియ్యం పెట్టి, రెండు మూతలూ ఒకేసారి తీసి చూడవచ్చు.