గడ్డకట్టు నీరు, అడుగంటు నీరు

2025 జూన్ 6వ తేదీన కాట్రా శ్రీనగరముల నడుమ వందే భారత్ బండి ప్రారంభింపబడినది. కాశ్మీరలోయ భారతదేశపు రైలుమార్గములతో కలిసినది. ఈ కార్యమునకు వంతెనలును సొరంగములును నిర్మించినంతమాత్రము చాలలేదు. శీతకాలమున బండిలోని మరుగుదొడ్ల నీరు గడ్డకట్టకుండ కాపాడు ఉపాయమును గూడ ఆలోచింపవలసివచ్చినది.

నీరు మంచుగ మారునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగును. ఆ ఒత్తిడికి లోహపు గొట్టములు సైతము పగులును. మంచు కరగినగాని ఆ పగులు బయటపడదు. అప్పటికి తొట్టిలోని నీరు నేలపాలగును. ఆవిరియింజనుల కాలమున చలిదేశములవారు ఇంజనులోని ఆవిరినే గొట్టములద్వారా పెట్టెలకు కొనివచ్చి వెచ్చదనము కల్పించెడివారు. కాశ్మీరపు బండిలో ఆ పనిని విద్యుచ్ఛక్తి చేయుచున్నది. నీటితొట్టెలను, మలము చేరు తొట్టెలను, గొట్టములను వెచ్చగ నుంచు సాధనములు అందు అమర్చబడినవి. మలమును జీర్ణముచేయు సూక్ష్మజీవులు చలికి మందగించును గనుక వానికిని ఈ రక్ష అవసరమే.

ఇది మెచ్చదగిన దక్షత. మెచ్చుకొనుచునే అనంతపురపు కరవుసీమనుండి ఒక ప్రశ్న వేయక తప్పదు.

పడమటి కనుమల వెనుక వర్షచ్ఛాయలో నున్న ఈ పీఠభూమిపై సాలునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చట నీరు గడ్డకట్టదు, అడుగంటును. వేసవిలో 40 డిగ్రీలు దాటిన యెండలో, క్రిక్కిరిసిన జనరల్ పెట్టెలో కుళాయి త్రిప్పిన ప్రయాణీకునకు గాలి మాత్రమే వచ్చినచో, మంచుచే పగిలిన గొట్టమునకును ఎండిన ఈ తొట్టికిని భేదమేమి?

ఈ గోడు నేటిది కాదు. భారతదేశమున 1853లో ప్రయాణీకుల బండి నడచినది. క్రిందితరగతి పెట్టెలకు మరుగుదొడ్లు కావలెనని అధికారులకు తోచుటకు అర్ధశతాబ్దికిపైగా పట్టినది. 1909లో అహమ్మదుపూరు స్టేషనులో బండి దిగి అవమానము పొందిన ఓఖిల్ చంద్రసేన్ వ్రాసిన ఫిర్యాదే ఇందుకు కారణమని ప్రతీతి.

దొడ్డి వచ్చినది, నీరు రాలేదు. 1917 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు బొంబాయినుండి చెన్నపట్నమునకు మెయిలుబండిలో మూడవ తరగతిలో ప్రయాణించిరి. 22 మందికని వ్రాసియున్న ఆ పెట్టెలో రాయచూరు వచ్చుసరికి రద్దీ దుర్భరమైనదనియు, దారిపొడుగున మరుగుదొడ్డిని శుభ్రము చేసినవారు లేరనియు, తొట్టిలో నీరే లేదనియు వారు పత్రికలకు వ్రాసిరి. రాయచూరు దాటిన ఆ దారి గుంతకల్లు, గుత్తి, తాడిపత్రుల మీదుగనే చెన్నపట్నము చేరును. అనగా, మహాత్ముడు చూచిన ఆ వట్టి తొట్టి మన సీమగుండనే పోయినది!

మూడవ తరగతి 1974లో రద్దయినది. పేరు పోయినది గాని, దానిని ఎక్కెడివారు పోలేదు. వాన మొగము చాటువేసిన యేడు పిల్లలను చంకనిడుకొని బెంగుళూరు పనులకు పోవు రైతుకూలీలు జనరల్ పెట్టెలనే ఎక్కుదురు. మరుగుదొడ్డికి జడిసి దాహమైనను గ్రుక్కెడు నీరు త్రాగక కూర్చుండు స్త్రీల బాధను ఏ లెక్కలపుస్తకము చెప్పగలదు?

ఇప్పుడు దాదాపు ప్రతి పెట్టెలోను జీవశౌచాలయములు వచ్చినవి. మలము పట్టాలపై పడుట తగ్గినది. ఇది గొప్ప మేలు. అయినను ధార చాలనిచో ఇవి పాతవానికన్న త్వరగ మూసుకొనిపోవును. అవి మూసుకొనిపోవుటను గూర్చి కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2017లోనే హెచ్చరించినది. క్రొత్త యంత్రమును అమర్చి నీటిని మరచుట, దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయని చందము.

మా కోరికలు పెద్దవి కావు. గుంతకల్లు, ధర్మవరము వంటి కూడళ్లలో నీరు నింపునపుడు బండి కొసలనుండు జనరల్ పెట్టెలతో ప్రారంభింపవలెను. తొట్టిలోని నీటిమట్టము బయటివారికి కనబడునట్లు గుర్తు ఉండవలెను. వట్టి తొట్టితో ఏ పెట్టెయు కూడలి దాటరాదు. వదలిన చేయి తోడనే మూతపడు కుళాయిలు ఉండవలెను. కారు కుళాయి ఈ సీమలో పగిలిన గొట్టముతో సమానము. ఊరివారికే బిందెడు నీరు కరవైన చోట బండికి నీరెక్కడిదని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. పెట్టెలను కడిగిన నీటిని శుద్ధిచేసి మరల కడుగుటకే వాడినచో, మంచినీరు తొట్టెలకు మిగులును.

సున్నకు దిగువనున్న చలిలో నీటిని నీటిగనే నిలుపగల నేర్పు మనవారికి కలదని కాశ్మీరమున ఋజువైనది. అందులో శతాంశము శ్రద్ధను అనంతపురపు జనరల్ పెట్టెపై చూపుడని అడుగుచున్నాము. 1917నాటి ఆ వట్టి తొట్టిని ఇకనైనను నింపుదురా?