చెవిపోటు వెనుక రోగనిరోధక శక్తి

కర్ణభేరి వెనుక గాలితో నిండిన చిన్న గదే మధ్యచెవి. గొంతు పైభాగం నుంచి యూస్టేషియన్ నాళం ద్వారా అక్కడికి గాలి చేరుతుంది. పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుపోతే, ముక్కు వెనుక కాచుకుని ఉన్న న్యుమోకాకస్, హీమోఫిలస్ వంటి బ్యాక్టీరియా మధ్యచెవిలో పెరగడానికి వీలు చిక్కుతుంది.

అక్కడి పొరలోని కణాలు సూక్ష్మజీవిని గుర్తించగానే సైటోకైన్లనే రసాయనాలను విడుదల చేస్తాయి. రక్తనాళాలు వెడల్పై ద్రవం ఊరుతుంది. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగుతాయి. వాటిలో చచ్చినవి చీములో కలుస్తాయి. బిడ్డను రాత్రంతా ఏడిపించే పోటు కర్ణభేరి మీద ఈ చీము తెచ్చే ఒత్తిడి, వాపు వల్ల కలుగుతుంది. ఆ బాధలో పెద్ద వాటా శరీరపు రక్షణ చర్యదే. అది సకాలంలో చల్లారకపోతే జిగురు ద్రవం వారాల తరబడి నిలిచి వినికిడి తగ్గుతుంది. మాటలు నేర్చే వయసులో ఇది చిన్న నష్టం కాదు.

ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు ఈ జబ్బు ఎక్కువ. గర్భంలో తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు అప్పటికి తగ్గిపోతాయి. న్యుమోకాకస్ చుట్టూ ఉండే చక్కెర కవచంపై పనిచేసే ప్రతిరక్షకాలను సొంతంగా తయారుచేసుకునే శక్తి రెండేళ్ల దాకా సరిగా రాదు. కాంజుగేట్ టీకా ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌తో జోడించి ఈ లోటు తీరుస్తుంది. 2017లో భారత ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరి, 2021లో దేశమంతటికీ విస్తరించిన ఈ టీకాను 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తారు.

చెవిపోటుకు కాచిన నూనె పోయడం తెలుగు ఇళ్లలో ఇంకా ఉంది. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అది ప్రమాదం. దయచేసి నూనె మాని, బిడ్డను డాక్టరుకు చూపించండి.