‘మనది’ అనుకుంటే మరిచిపోం!

మాది నరసరావుపేట. మా అమ్మాయిని క్లాసులో పల్నాటి యుద్ధం గురించి మాట్లాడమన్నారట. ఎంత బట్టీ పట్టినా గురజాల రాజెవరో, మాచర్ల రాజెవరో తారుమారే. నాలుగోసారీ తప్పు చెప్పేసరికి విసుగొచ్చి ‘మొద్దు’ అనేశాను. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ చదివింది మూడో తరగతే.

‘‘నా పుట్టిల్లు ఏ ఊరే?’’

‘‘మాచర్ల.’’

‘‘అది మలిదేవుడిది. మంత్రి బ్రహ్మనాయుడు. మీ మేనత్త కాపురం?’’

‘‘గురజాల.’’

‘‘అది నలగాముడిది. మంత్రి నాగమ్మ. కోడిపందెంలో ఓడింది మా మాచర్లోళ్లు. ఏడేళ్లు ఊరొదిలి పోవాల్సొచ్చింది. నిన్ను ఏడేళ్లు ఇంటికి రావద్దంటే ఎట్టుంటది? గడువు తీరాక అడిగినా రాజ్యం ఇయ్యలా. అందుకే యుద్ధం. కార్తీకంలో కారెంపూడి వీరుల గుడికి పోయాంగా, ఆ ఊళ్లోనే!’’

పావుగంటలో పిల్ల గడగడా చెప్పేసింది.

ఇందులో కిటుకేమిటా అని చదివితే తెలిసింది. కెనడాకు చెందిన రోజర్స్, కైపర్, కిర్కర్ అనే పరిశోధకులు 1977లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల గుణాలు చెప్పే 40 మాటలు చూపించి, కొన్నిటికి ‘అక్షరాలు పెద్దవా?’ అని, కొన్నిటికి ‘ప్రాస కుదిరిందా?’ అని, కొన్నిటికి ‘అర్థం ఇదేనా?’ అని, మిగతావాటికి ‘ఇది మీకు వర్తిస్తుందా?’ అని అడిగారు. తర్వాత చూస్తే, తమకు అన్వయించుకున్న మాటలే ఎక్కువ గుర్తున్నాయి. మన గురించి మనకు బోలెడు తెలుసు కదా, కొత్త విషయం తగిలించడానికి అన్ని కొక్కేలు ఉంటాయన్నమాట. అమ్మలాంటి బాగా తెలిసిన మనిషితో ముడిపెట్టినా ఇంచుమించు అంతే ఫలితమని 1979లో మరో అధ్యయనం తేల్చింది. మా అత్తగారు చేసింది అదేగా!

కానీ ఒక విషయం నన్ను కుదిపేసింది. ఆ ప్రయోగంలోవి మనిషి గుణాలు చెప్పే మాటలు. ‘మొద్దు’ కూడా అలాంటిదే. రెండ్రోజులయ్యాక పిల్ల పడుకోబోతూ, ‘‘అమ్మా, నేను నిజంగా మొద్దునా?’’ అంది. నలగాముణ్ణి మరిచిపోయిన పిల్ల ఆ మాట మాత్రం మరిచిపోలేదు!

‘‘కాదమ్మా, తప్పు నాదే’’ అని దగ్గరకు తీసుకున్నాను.

పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మన ఊరితో, మన ఇంటితో ముడిపెట్టండి. కోపంలో మాత్రం పిల్లకు పేరు పెట్టకండి. ‘ఈ జవాబు తప్పు’ అంటే చాలు, ఏమంటారు?