పోలీసు కారులో మూడో కన్ను

1991 జనవరి 23. అర్ధరాత్రి దాటింది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, గారిసన్ దగ్గర హైవే. డారెల్ లన్స్‌ఫర్డ్ అనే కానిస్టేబుల్ ఓ కారును ఆపాడు. లోపల ముగ్గురున్నారు. గంజాయి ఉందేమోనన్న అనుమానంతో డిక్కీ తెరవమన్నాడు. అంతే... ముగ్గురూ ఒక్కసారిగా మీదపడ్డారు. కొట్టి, కాల్చి చంపి పారిపోయారు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. కానీ అంతా చూసిన సాక్షి ఒకటుంది. ఆయన కారులో బిగించిన వీడియో కెమెరా! ఆ టేపే నిందితులను పట్టించింది, కోర్టులో సాక్ష్యమూ అయ్యింది.

కారు పైనున్న లైట్లు వెలగ్గానే ఈ కెమెరా దానంతటదే పనిచేయడం మొదలుపెడుతుంది. ఆఫీసరు ఒంటిమీది చిన్న మైకు మాటలను పట్టేస్తుంది. లైట్లు వేయడానికి ముందు కొద్ది క్షణాల దృశ్యాన్నీ దాచిపెట్టే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంటుంది. ఎందుకు ఆపారో తేలేది అక్కడే మరి. 2000లో అక్కడి రాష్ట్ర పోలీసు కార్లలో 11 శాతానికే కెమెరాలుండేవి. కేంద్రం డబ్బులివ్వడంతో నాలుగేళ్లు తిరిగేసరికి అది 72 శాతమైంది.

మనదగ్గర పోలీసు చెయ్యెత్తితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఎదురెళ్తాం. అక్కడ అలా దిగితే ప్రమాదమే. చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. మన పిల్లలు అమెరికా వెళ్లగానే నేర్చుకోవాల్సిన పాఠాల్లో ఇదొకటి.

పోలీసును కాపాడే సాక్షిగా పేరుపడిన కెమెరా, పోలీసు మీదా సాక్ష్యం చెప్పింది. 2015 జులై 10న అదే టెక్సాస్‌లో సాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ల నల్లజాతి యువతిని ఓ ట్రూపర్ ఆపాడు. లైను మారేటప్పుడు సిగ్నల్ వేయలేదన్నది కారణం. తాను చదువుకున్న యూనివర్సిటీలోనే ఉద్యోగం కోసం వచ్చిందామె. సిగరెట్ ఆర్పమన్నాడు. నా కారులో నేనెందుకు ఆర్పాలంది. మాటామాటా పెరిగింది. కరెంటు షాక్ ఇచ్చే టేజర్ చూపించి ఆమెను కిందికి దింపాడు. మూడో రోజు జైలుగదిలో ఉరికి వేలాడుతూ కనిపించింది. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు.

తనిఖీ సజావుగా జరగాలనే ఆమెను దింపానని ట్రూపర్ రాసిచ్చాడు. వీడియో చూసిన గ్రాండ్‌జ్యూరీ నమ్మలేదు. అబద్ధపు ప్రమాణం కేసు పెట్టింది. ఉద్యోగం పోయింది. ఇక జన్మలో పోలీసు ఉద్యోగం చేయనని ఒప్పుకున్నాక 2017లో ఆ కేసూ కొట్టేశారు!

అయితే ఈ కన్ను ఎదురుగా ఉన్నదే చూస్తుంది. ఆరోజు పెనుగులాట చాలావరకూ దాని చూపుకు అందని పక్కన జరిగింది. అరుపులు మాత్రమే వినిపించాయి. సాండ్రా కూడా తన సెల్‌ఫోన్‌లో 39 సెకన్లపాటు తీసిందని జనానికి తెలిసింది 2019లో. అందులో ట్రూపర్ ఆమెకు ఎలా కనిపించాడో అలాగే కనిపిస్తాడు... కారు తలుపు తెరిచి, టేజర్ ఎక్కుపెట్టి.