మెదడులోని మడ్డి

వార్ధక్యమున మతి తప్పుట సహజమని మనవారు సరిపెట్టుకొనుచుందురు. తండ్రి కన్నకొడుకును గుర్తింపలేకున్నను ముసలితనమని యూరకుందురు. మే మిందుల కంగీకరింపజాలము. ఇది వ్యాధి, దానికి సాక్ష్యము మెదడునందే కలదు.

1906లో ఫ్రాంక్‌ఫర్టున మరణించిన యొక స్త్రీ మెదడును అలోయిస్ ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు మ్యూనిక్కునకు దెప్పించి, వెండి లవణములతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో జూచెను. కణముల నడుమ మచ్చలును, కణములలో చిక్కుపడిన పోగులును గానవచ్చెను. ఆ మచ్చ లేపదార్థముతో నైనవో తెలియుటకు సుమా రెనుబదేండ్లు పట్టెను. 1984లో అమెరికాయందు గ్లెన్నర్, వాంగ్ అనువారు మెదడు పొరల రక్తనాళములనుండి యొక ప్రోటీనును వేరుచేసిరి. మరుసటియేట మచ్చలనుండియు నదియే లభించెను. అదియే అమిలాయిడ్ బీటా. 40 అమైనో ఆమ్లముల గొలుసుకంటె 42 గలది త్వరగా పేరుకొనును.

దీనిని కొలుచు విధము చిత్రమైనది. మృతుని మెదడు తునకను ఉప్పు ద్రావణముతో నూరి, యంత్రమున అతివేగముగా ద్రిప్పుదురు. కరగినది పైన నిలుచును, కరగని మడ్డి అడుగునకు దిగును. మడ్డియందే అమిలాయిడు హెచ్చుగ నుండును. నీటికి లొంగని యా మడ్డి ఫార్మిక్ ఆమ్లమునకు లొంగును. చీమలనుండి తొలుత దీసిన యామ్లమే యిది! పిమ్మట నొక యాంటీబాడీ గొలుసు నొకచోట బట్టుకొనును. రెండవది వేరొకచోట బట్టి రంగు దేల్చుటకు సాధనమగును. రంగు గాఢతయే లెక్క. మెదడులో నేభాగము దీసిరి, మరణించిన యెన్ని గంటలకు దీసిరి, ఏయామ్లముతో కరగించిరి అను వానినిబట్టి యంకెలు మారును గాన, విధానము చెప్పని యంకెను నమ్మరాదు.

వేరొక చిక్కును గలదు. మెదడునిండ మచ్చలున్నను తుదివరకు చక్కని తెలివితో బ్రతికిన వృద్ధులు పెక్కురు కలరు. కావున ఈ తూనిక యొక్కటియే రోగనిర్ణయము గాజాలదు.

బ్రతికియున్నవారి మెదడులో నీమచ్చలను జూపు ఛాయాచిత్రములు 2004లో ప్రకటింపబడెను. వానిలో వాడు రంగుద్రవ్యములు నిజము చెప్పుచున్నవో లేదో తేలినది, అట్లు చిత్రము దీయించుకొని పిదప మరణించినవారి మెదడులను పరీక్షించియే. అమిలాయిడును దొలగించి వ్యాధివేగమును గొంత తగ్గించు లెకానెమాబ్ అను మందునకు అమెరికాలో 2023లో పూర్తి యనుమతి లభించెను. దీనికిని మూలము మృతుల దానమే.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ నందు మస్తిష్క భాండార మున్నది. బంధువుల సమ్మతి లేనిదే మెదడును గైకొనరు. దహనసంస్కారమునకు లోపము కలుగునని మనయిండ్లలో జంకుట మే మెరుగుదుము. తీయునది మెదడు మాత్రమే. ముఖము చెడదు, దేహమును కర్మలకై యింటివారికే యప్పగింతురు.