బీరు గొట్టం సగంలో ఎందుకు మొరాయిస్తుంది?

డాలస్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఇంట్లో బీరు చేసుకుంటాను. పులిసిన బీరును బకెట్లోంచి తీసే సైఫన్ గొట్టం మొదట్లో బాగానే పారుతుంది. సగం దాటాక పైవంపులో బుడగ చేరి ధార తెగిపోతుంది. కొత్త గొట్టం కొన్నా అదే తంతు. కారణమేమిటి?"

ఈ ప్రశ్న చూశాక ఈ నెలకు అనుకున్న విషయం పక్కకు పోయింది. అమెరికాలో ఇంటి బీరుకు 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దారి తెరిచింది కనుక ఆ పాఠకుడికి ఇబ్బంది లేదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసే. ఇక్కడివాళ్ళు నీళ్ళతో ప్రయత్నించి చూడండి.

ముందు బీరు తయారీ గురించి అవసరమైనంత వరకు గబగబా. మాల్టు రసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు ఇస్తుంది. పని అయిపోయాక ఈస్టు మడ్డిలా అడుగున పేరుకుంటుంది. మడ్డి కదలకుండా, గాలి తగలకుండా పైన తేరిన బీరును తీసుకోవాలి. బకెట్ వంచితే రెండూ కుదరవు. అందుకే బకెట్ బల్ల మీద, ఖాళీ పాత్ర నేల మీద, నడుమ నిండు గొట్టం.

ఆ గొట్టంలో బీరు ముందు పైకెక్కి, తర్వాత దిగుతుంది. నడిపించేదెవరు? వాతావరణ పీడనం అని రాసి మనలో చాలామందిమి మార్కులు తెచ్చుకున్నాం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా 1911 నుంచీ అదే చెబుతూ వచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియాలో ముర్రే నది నీళ్ళను సైఫన్లతో బానీ సరస్సులోకి మళ్ళించిన పని గురించి రాస్తూ, క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ హ్యూస్ 2010లో ఆ తప్పు పట్టుకున్నారు. బకెట్ మీద గాలి ఎంత నొక్కుతోందో కింది పాత్ర మీదా దాదాపు అంతే నొక్కుతోంది. రెండువైపులా సమానంగా నెట్టేది దేన్నీ ఒకవైపుకు నడపలేదు. నడిపేది గురుత్వాకర్షణే.

అయితే "గొట్టం దిగే పొడుగు కాలులో బరువెక్కువ కాబట్టి లాగుతుంది" అనే పండితులూ ఉన్నారు. అదీ తప్పే. పొట్టి కాలుకు లావుపాటి పైపు పెట్టండి, బరువంతా అటే ఉంటుంది. అయినా ధార కిందికే పారుతుంది. లెక్కకొచ్చేది బరువు కాదు, బకెట్లోని మట్టానికీ గొట్టం కింది మూతికీ మధ్య ఎత్తు తేడా.

మరి గాలికి పనేమీ లేదా? ఉంది, అదే అసలు కథ. 2014లో హ్యూస్ బృందం ఒక సైఫన్‌ను పీడనం తగ్గించగల గదిలో నడిపింది. పీడనం చాలావరకు తగ్గించినా ప్రవాహ వేగం మారలేదు. సుమారు 0.18 అట్మాస్ఫియర్ల దగ్గర మాత్రం వంపు దాటిన చోట నీళ్ళు చిన్న జలపాతంలా విడిపోయి దూకాయి. అంటే ధారను పారించేది గాలి కాదు. మామూలుగా దాన్ని తెగకుండా అదిమి ఉంచేది గాలి. నీటికి సైఫన్ ఎత్తు 10 మీటర్లు దాటదనే పాత సూత్రం ఆ అదుముడుకున్న హద్దు నుంచే వచ్చింది. 2015లో వెలువడిన మరో ప్రయోగంలో, కరిగిన వాయువులు తీసేసిన నీరు 15 మీటర్ల ఎత్తు దాటి పారింది! బుడగ పుట్టడానికి ఆధారం లేకపోతే నీటి అణువులే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఇప్పుడు బీరు వైపు చూడండి. వాయువు తీసేయడం సంగతటుంచి, అది వాయువుతో నిండి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర పులిసిన లీటరు బీరులో దాదాపు 0.86 లీటర్ల కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటుంది. గొట్టంలో బీరు మట్టం నుంచి పైకి వెళ్ళే ప్రతి 10 సెంటీమీటర్లకూ పీడనం సుమారు ఒక శాతం పడిపోతుంది. పీడనం తగ్గితే కరిగిన వాయువు బయటికొస్తుంది. సోడా మూత తీసినప్పుడు జరిగేదే. వంపు 40 సెంటీమీటర్ల ఎత్తునుంటే 4 శాతం; ఆ బీరు అక్కడే చాలాసేపు నిలిస్తే లీటరుకు 30 మిల్లీలీటర్లకు పైగా వాయువు వదులుతుంది. పారే బీరు అందులో కొంతే వదులుతుంది, కానీ వంపులో ఒక బుడగకు అది చాలు.

సగం దాటాకే ఎందుకంటే, వంపు బకెట్ అంచు మీద కదలకుండా ఉంటుంది, బీరు మట్టం దిగిపోతుంది. దిగేకొద్దీ వంపు దగ్గర పీడనం ఇంకా పడిపోయి బుడగలు ఎక్కువవుతాయి. అదే సమయంలో ఎత్తు తేడా తగ్గి ధార మందగిస్తుంది. వేగమున్నప్పుడు బుడగల్ని కిందికి ఈడ్చుకుపోయిన ధారకు ఇప్పుడు ఆ శక్తి లేదు. అవి వంపులోనే కలిసిపోయి, గొట్టం నిండా పరుచుకుని, బీరును రెండు ముక్కలు చేస్తాయి.

కాబట్టి బకెట్‌ను ఇంకా ఎత్తున పెట్టండి. గొట్టం విల్లులా పైకి లేవకుండా అంచుకు ఆనించండి. బీరును ముందురోజే చల్లబరచండి: చల్లటి బీరు ఎక్కువ వాయువును కరిగించుకోగలదు, వంపులో వదలదు.

ఇక రెండో రకం బుడగ: కారే అతుకు. పారుతున్న సైఫన్‌లో ఎక్కడ చిల్లి పడినా చుక్క బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. లోపలి పీడనం బయటికంటే తక్కువ కదా. అందుకే అతుకు పొడిగా కనిపిస్తుంది, బీరుకు మాత్రం కొన్నాళ్ళకు తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. బుడగలు ఒకే చోటినుంచి వరసగా వస్తుంటే గాలి, గోడంతా ముత్యాల్లా పట్టి ఉంటే కార్బన్ డయాక్సైడు. కింది మూతిని నొక్కి పట్టుకుంటే, బీరు మట్టానికి దిగువనున్న అతుకులు కారి తమంతట తామే దొరికిపోతాయి. వంపు దగ్గరి అతుకుకు క్లాంపు బిగించడమే మార్గం. లోపలి గొట్టాన్ని లాగి నొక్కి ధార మొదలుపెట్టే ఆటో-సైఫన్ అయితే, ఆ గొట్టం చివరి రబ్బరు వాషరు అరిగిందేమో చూడాలి. దాన్ని తడిపి, పారేటప్పుడు లోపలి గొట్టాన్ని అడుగుదాకా దించి ఉంచాలి.

శుభ్రత గురించి అమ్మేవాళ్ళు చెప్పే చాంతాడు జాబితా నాకు చిరాకు. నాలుగు మాటలు చాలు. వాడిన వెంటనే కడగండి, ఎండిన మడ్డి ఊడిరాదు. మరిగే నీళ్ళు పోయకండి, ప్లాస్టిక్కు వంకరపోతుంది. శానిటైజరు పని కడిగిన తర్వాతే. నోటితో పీల్చి మొదలుపెట్టకండి, నోట్లోని బాక్టీరియా బీరును పులుపెక్కిస్తుంది. లోపల గీతలు పడ్డ గొట్టాన్ని మాత్రం నిర్దాక్షిణ్యంగా పారేయండి: ఆ గీతల్లో సూక్ష్మజీవులూ దాక్కుంటాయి, బుడగలూ అక్కడే పుడతాయి.