పారాట్రూపర్లు అంత బరువుతో ఎలా దూకుతారు?

విమానం నుంచి దూకే సైనికుడి వీపు మీద పారాచూట్ ఉంటుంది. అది విచ్చుకోకపోతే వాడే రిజర్వ్ పారాచూట్ ఛాతీ మీద ఉంటుంది. మరి తుపాకీ, తూటాలు, తిండి, నీళ్లు, వైర్‌లెస్ సెట్ ఎక్కడ పెట్టుకోవాలి?

మామూలుగా వీపున మోసే రక్‌సాక్‌ను పారాట్రూపర్ ముందువైపు, రిజర్వ్ పారాచూట్ కింద, తొడలకు ఆనేలా హార్నెస్‌కు తగిలించుకుంటాడు. తుపాకీ మందపాటి సంచిలో ఒక పక్కన నిలువుగా ఉంటుంది. ఈ సామాను 30, 40 కిలోలు దాటడం మామూలే. అందుకే విమానంలో తలుపు దాకా నాలుగు అడుగులు వేయడం కూడా కష్టమవుతుంది.

తాడు చేసే పని

అసలు చిక్కు దిగేటప్పుడు వస్తుంది. గుండ్రటి సైనిక పారాచూట్ కింద మనిషి సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతో నేలను తాకుతాడు. అంటే ఆరడుగుల గోడ మీంచి దూకినంత అదురు. దాన్ని తట్టుకోవాలంటే రెండు కాళ్లూ జోడించి, మోకాళ్లు కాస్త వంచి, నేల తగలగానే పక్కకు దొర్లాలి. తొడల ముందు అంత మూట ఉంటే అది కుదరదు. కాళ్లు విరిగే ప్రమాదం ఉంటుంది.

అందుకే నేల ఇంకా 60 మీటర్ల దూరంలో ఉందనగా, కింద ఎవరూ లేరని చూసుకుని, కొక్కేలు విప్పి మూటను వదులుతాడు. అది సుమారు 15 అడుగుల తాడు చివర వేలాడుతుంది. మూటే ముందు నేలను తాకుతుంది. ఆ క్షణం నుంచి పారాచూట్ మోయాల్సింది మనిషి బరువునే కాబట్టి వేగం కాస్త తగ్గుతుంది. చీకట్లో దూకినప్పుడు మూట నేలకు తగిలిన చప్పుడే హెచ్చరిక. సిద్ధపడటానికి దొరికేది ముప్పావు సెకను. నీళ్లలో పడేలా ఉంటే మాత్రం సామాను పూర్తిగా వదిలేయాలి.

రెండు చేదు అనుభవాలు

1941 మే 20న గ్రీస్‌లోని క్రీట్ దీవిపై దూకిన జర్మన్ సైనికుల్లో చాలామంది దగ్గర పిస్టళ్లు, గ్రెనేడ్లే ఉన్నాయి. రైఫిళ్లు, మెషిన్‌గన్లు వేరే పెట్టెల్లో దిగాయి. ఆ పెట్టెల దాకా చేరేలోపే ఎంతోమంది ప్రాణాలు కోల్పోయారు.

ఆయుధం మనిషితోనే దిగాలన్న ఆలోచనతో బ్రిటిష్ సేనలు కాలికి కట్టుకునే సంచిని వాడాయి. తాడుతో కిందికి దించే పద్ధతి అందులోనే ఉంది. 1944 జూన్ 6న నార్మండీలో అమెరికన్ సైనికులూ వీటితో దూకారు. చాలామందికి వాటితో తగిన సాధన లేదు. విమానాలు ఉండాల్సిన దానికన్నా వేగంగా వెళ్లడంతో, పారాచూట్ తెరుచుకున్న కుదుపుకు ఎన్నో సంచులు తెగిపోయాయి. వరద నీటిలో పడ్డ కొందరిని ఒంటి మీది బరువే ముంచేసింది.

భారత్‌లో

1971 డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టంగైల్ దగ్గర 2 పారా బెటాలియన్ బృందం దూకి పూంగ్లీ వంతెనను పట్టుకుంది. ఫిరంగుల వంటివి మనిషి మోసేవి కావు కాబట్టి వాటికి వేరే పారాచూట్లు కట్టి దించారు. ఆగ్రాలోని డీఆర్‌డీఓ పరిశోధనశాల రూపొందించిన పీ-7 వ్యవస్థతో ఐఎల్-76 విమానం నుంచి ఏడు టన్నుల దాకా సామగ్రిని దించవచ్చు.

పారాట్రూపర్లకు శిక్షణ ఇచ్చేదీ ఆగ్రాలోనే. 2025 అక్టోబర్‌లో దేశీయ పారాచూట్‌తో 32,000 అడుగుల ఎత్తు నుంచి దూకి పరీక్షించారు. అంత ఎత్తులో ఆక్సిజన్ పరికరం కూడా మోయాలి. పారాచూట్ తెరవకుండా చాలాసేపు గాల్లో పడుతున్నప్పుడు సామాను ఒక పక్కకు ఒరిగినా మనిషి బొంగరంలా తిరిగే ప్రమాదం ఉంటుంది.

రేడియోలు, బ్యాటరీలు, రాత్రి చూపు పరికరాలతో ఈ బరువు పెరుగుతూనే ఉంది. అమెరికా సైన్యం పాత టీ-10 పారాచూట్ స్థానంలో పెద్దదైన టీ-11ను తేవడానికి ఇదీ ఒక కారణం. పారాట్రూపర్ పోరాటం నేల తాకాకే మొదలవుతుంది. అప్పటికి కాళ్లు క్షేమంగా ఉండాలి, ఆయుధం చేతికందేంత దూరంలో ఉండాలి. ఈ రెంటినీ కుదిర్చేది ఆ 15 అడుగుల తాడే.